అర్హత వేరు, యోగ్యత వేరు

పోయిన ఏడాది నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు. "ఎన్నికల్లో నిలబడేవాళ్లకు చదువును అర్హతగా పెట్టాలా, వద్దా?" అన్నది విషయం. చీటీ తీస్తే నాకు "పెట్టాలి" అని వచ్చింది. నాకు సంతోషమే అయింది, ఎందుకంటే నా మనసులో ఉన్నదీ అదే. "బస్సు నడపాలంటే లైసెన్సు కావాలి. ఆఫీసులో గుమాస్తాగా చేరాలంటే సర్టిఫికెట్ కావాలి. ఊరినీ దేశాన్నీ నడిపేవాళ్లకు మాత్రం ఏమీ అక్కర్లేదా?" అని గట్టిగా అడిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి మా అవ్వ వసారాలో కూర్చుని పూలు కడతా ఉంది. డబ్బా చేతికిచ్చాను. "ఏం చెప్తివి పాపా, ఇంత మంచి డబ్బా ఇచ్చినారు?" అని అడిగింది. నేను నిలబడి మొత్తం ప్రసంగం మళ్లీ చెప్పాను, చేతులు కూడా ఊపుతూ. అవ్వ పూలు పక్కన పెట్టి అంతా విన్నది. చివర్లో, "అట్లయితే నేను నిలబడి ఉండకూడదు కదా?" అంది.

నాకు నోట మాట రాలేదు. అవ్వకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. కానీ ఆమె మూత తీసి చూసి, "డబ్బా బాగుండాది. చారు పోసినా కారదు" అని మళ్లీ పూలు అందుకుంది.

మా అవ్వ మా పంచాయతీలో వార్డు మెంబరుగా ఐదేళ్లు చేసింది. ఆమె చదివింది మూడో తరగతి. ఈ సంగతి తెలిసి కూడా, ఆమె నాకు గుర్తు రాకుండానే నేను అంత పెద్ద ప్రసంగం చేశాను. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నాయకుడికి అర్హత ఏది? దాన్ని ఎవరు చెప్పాలి? చట్టమా, ఓటరా? నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందు అవ్వ కథ చెప్తాను. మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కొంచెం దూరం పోతే కన్నడం. 2019 డిసెంబరులో తమిళనాడులో గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగినాయి. అప్పుడు నేను నాలుగో తరగతి. మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. మా వీధిలో నీళ్ల కుళాయి దగ్గర ఎవరికి గొడవ వచ్చినా తీర్చేది మా అవ్వే కాబట్టి, అందరూ ఆమెనే నిలబడమన్నారు. వార్డు మెంబరు ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు. ఎవరైనా నిలబడవచ్చు, వయసు 21 దాటితే చాలు.

నామినేషన్ కాగితాలు నింపడానికి తెలిసిన ఆయన ఒకరు వచ్చారు. కాగితాలన్నీ తమిళంలో ఉన్నాయి. మా అవ్వకు తమిళం మాట్లాడడం బాగా వచ్చు, చదవడం రాదు. తెలుగు మాత్రం కూడబలుక్కుని చదువుతుంది. చదువు అని ఉన్న చోటికి వచ్చేసరికి ఆయన, "ఎనిమిది అని రాస్తాను అక్కా. ఎవరు అడగబోతారు? మూడు అంటే నవ్వుతారు" అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "నన్ను చూసి వేసేవాళ్లు వేస్తారు. లేని చదువును చూసి ఎవరూ వేయనక్కర్లేదు. మూడే రాయప్పా" అంది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఆయన 3 అని రాశాడు. అవ్వ గెలిచింది. తొమ్మిది ఓట్ల తేడాతో.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. చదువు అక్కర్లేదు, మంచి మనసు చాలు అని వ్యాసం ముగించవచ్చు. కానీ అది పూర్తి నిజం కాదు. తరువాత జరిగినది కూడా చెప్పాలి.

మెంబరు అయిన మొదటి సంవత్సరంలోనే ఒక సమావేశంలో తీర్మానం కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. అందరూ పెడుతున్నారు, అవ్వ కూడా పెట్టింది. మా వీధికి రావలసిన నీళ్ల పైపు వేరే వీధికి మార్చుకునే తీర్మానం అది. రెండు నెలల తరువాత ఆ వీధిలో గుంతలు తవ్వుతుంటే తెలిసింది. మా వీధివాళ్లు వచ్చి, "నువ్వే సంతకం పెట్టినావంటనే!" అని అడిగారు. ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు. ఆమెకు చదువు ఉండి ఉంటే ఆ సంతకం పెట్టేది కాదు. ఆ పైపు మాకు ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది. అంతవరకు మా అమ్మ, పక్కింటి అత్త బిందెలు మోశారు. చదువు లేకపోతే నష్టం లేదు అని నేను ఎలా చెప్పగలను? ఆ బిందెలు నేను కూడా మోశాను.

అప్పటి నుంచి అవ్వ ఒక నియమం పెట్టుకుంది. "చదివి వినిపించనిదే సంతకం పెట్టను." సమావేశంలో అందరూ విసుక్కున్నా సరే, గట్టిగా చదవమనేది. కొన్ని కాగితాలు ఇంటికి తెచ్చి నా ముందు పెట్టేది. తమిళనాడులో బడి భాష ఏదైనా తమిళం ఒక పాఠంగా నేర్చుకోవాలని 2006లో చట్టం వచ్చింది కదా, అందువల్ల నాకు తమిళం చదవడం వచ్చు. నేను తమిళంలో చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆరో తరగతి పిల్లకు ఆ మాటలు సగం అర్థమయ్యేవి కావు. అర్థం కాని మాటలు గీత గీసి పెట్టుకుని మరుసటి రోజు తమిళం టీచరమ్మను అడిగేదాన్ని.

ఇంకో మాట. మా అవ్వ చదువు రానిదా? తెలుగు పేపరు నిదానంగా చదువుతుంది. తమిళ తీర్మానం ముందు మాత్రం ఆమె అక్షరాలు రానిది. మనలాంటి భాషా మైనారిటీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. కాబట్టి "చదువు వచ్చినవాళ్లే నిలబడాలి" అన్నప్పుడు, ఏ భాషలో వచ్చిన చదువు అన్న ప్రశ్న కూడా మనకు ఉంటుంది.

ఇది మా ఇంట్లో మాత్రమే పుట్టిన ప్రశ్న కాదని తరువాత మా సోషల్ సారును అడిగితే తెలిసింది. రాజ్యాంగ సభలోనే ఇది వచ్చింది. 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించే ముందు సభాధ్యక్షుడు డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారు మాట్లాడుతూ, శాసనసభ్యులకు ఏ అర్హతలూ పెట్టలేకపోయామని తన విచారాన్ని చెప్పారు. చట్టాన్ని అమలు చేసేవాళ్లకు పెద్ద అర్హతలు అడుగుతాము, చట్టాన్ని చేసేవాళ్లకు మాత్రం ఎన్నిక కావడం తప్ప ఏ అర్హతా అడగము, ఇది పొంతన లేని విషయం అన్నది ఆయన భావం. నేను పోటీలో చెప్పినదీ ఇంచుమించు ఇదే. అంత పెద్దాయనకు వచ్చిన సందేహమే నాకు వచ్చిందని కొంచెం గర్వపడ్డాను కూడా.

అయినా రాజ్యాంగంలో చదువును అర్హతగా పెట్టలేదు. లోక్‌సభకు, శాసనసభకు 25 ఏళ్లు, రాజ్యసభకు 30 ఏళ్లు నిండాలి, భారత పౌరులై ఉండాలి. ఈనాటికీ ఎంపీకి గాని ఎమ్మెల్యేకు గాని ఇంత చదువుండాలనే నియమం లేదు. కానీ పంచాయతీలకు కొన్ని రాష్ట్రాలు పెట్టాయి. హర్యానాలో 2015లో చట్టం చేశారు. జనరల్ మగవాళ్లకు పదో తరగతి, జనరల్ ఆడవాళ్లకు, షెడ్యూల్డు కులాల మగవాళ్లకు ఎనిమిదో తరగతి, పంచ్ పదవికి నిలబడే షెడ్యూల్డు కులాల ఆడవాళ్లకు ఐదో తరగతి ఉండాలన్నారు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బిల్లు బాకీ ఉండకూడదు అని కూడా పెట్టారు. ఆ చట్టం మీద కేసు వేస్తే, 2015 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన తెలుగువారే, జస్టిస్ చలమేశ్వర్ గారు. మంచి చెడులను వేరు చేసి చూసే శక్తిని మనిషికి ఇచ్చేది చదువే అని ఆ తీర్పు భావం. రాజస్థాన్‌లో కూడా ఇలాంటి నియమం పెట్టారు, 2019లో తీసేశారు. తమిళనాడులో అలాంటిది లేదు. ఉండి ఉంటే మా అవ్వ ఆ కాగితం ముట్టుకునే పనే లేదు.

అంత పెద్ద కోర్టు తీర్పును కాదనే పెద్దదాన్ని నేను కాను. కానీ ఆలోచించడానికి అందరికీ హక్కు ఉంది కదా. ఒక రోజు అవ్వను అడిగాను, "నువ్వు ఎందుకు బడి మానేసినావు?" అని. "నేను మానేసినానా? మాన్పించినారు. మా తమ్ముడు పుట్టినాడు. ఎత్తుకునేదానికి ఎవరూ లేరు. నేను వాణ్ణి చంకలో పెట్టుకుని బడి గోడ పక్కన నిలబడి వినేదాన్ని. పంతులు పొమ్మనలేదు గాని, లోపలికి రమ్మనలేదు" అంది. ఆ తమ్ముడు తరువాత ఎస్సెల్సీ దాకా చదివినాడు. మా అవ్వ ఎత్తుకుని పెంచిన మనిషికి అర్హత ఉంటుంది, ఎత్తుకున్న మనిషికి ఉండదు. హర్యానా లాంటి నియమం మా ఊళ్లో ఉంటే జరిగేది ఇదే.

బడి లేకపోవడం, బడికి పంపకపోవడం, బడి మాన్పించడం, వీటిల్లో ఏదీ ఆ పిల్ల చేసిన తప్పు కాదు. ఆ పిల్లకు చదువు ఇవ్వవలసిన పెద్దలు, సమాజం, ప్రభుత్వం ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లే యాభై ఏళ్ల తరువాత వచ్చి, "నీకు చదువు లేదు, పక్కకు నిలబడు" అంటే అది ఒకే మనిషికి రెండుసార్లు చేసిన అన్యాయం అవుతుందని నాకు అనిపిస్తుంది.

మన తమిళనాడు చరిత్రలోనే దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. మా హోసూరు పక్కనే ఉన్న తొరపల్లిలో పుట్టిన రాజాజీ గారు గొప్ప చదువరి. లాయరు, రచయిత, స్వతంత్ర భారతదేశానికి గవర్నర్ జనరల్‌గా చేసినవారు. ఆయన మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1953లో పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలకు కొత్త పద్ధతి తెచ్చారు. పిల్లలు సగం పూట బడిలో ఉండాలి, మిగతా సగం పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలి. కూలి వాళ్ల పిల్లలు కూలిలోనే ఉండిపోతారని జనం తీవ్రంగా వ్యతిరేకించారు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు గారు ఆ పద్ధతిని తీసేశారు. కామరాజు గారి బడి చదువు ఆరో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఆయనే ఊరూరా బడులు తెరిపించారు, 1956లో బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టించారు. ఈరోజు మా బడిలో గంట కొట్టగానే పళ్లాలు పట్టుకుని పరుగెత్తే మనమందరం ఆ ఆరో తరగతి మనిషికి రుణపడి ఉన్నాము.

దీన్నిబట్టి చదువుకున్నవాళ్లు చెడ్డవాళ్లు, చదువు లేనివాళ్లు మంచివాళ్లు అని నేను అనడం లేదు. అలా అంటే అంబేడ్కర్ గారికి ఏం జవాబు చెప్తాము? కొలంబియాలోను లండన్‌లోను డాక్టరేట్లు సంపాదించిన ఆ చదువు లేకుండా ఆయన అంత పని చేయగలిగేవారా? రాజాజీ గారు కూడా ఉప్పు సత్యాగ్రహంలో వేదారణ్యం దాకా నడిచి జైలుకు పోయిన త్యాగి. నేను చెప్పేది ఇంతే. చదువు ఒక మంచి గుణం. కాని ఆ ఒక్కటి చూసి మనిషిని తూచలేము. చదువు ఆలోచించడానికి బలం ఇస్తుంది. ఎవరి కోసం ఆలోచించాలి అన్నది మాత్రం వేరే చోట నుంచి రావాలి.

ఇంకో లెక్క చూడండి. ఏడీఆర్ అనే సంస్థ అభ్యర్థుల ప్రమాణపత్రాలు చదివి లెక్కలు తీస్తుంది. వాళ్ల లెక్క ప్రకారం 2024లో గెలిచిన 543 మంది ఎంపీలలో 420 మంది, అంటే వందకు 77 మంది, డిగ్రీ గాని అంతకన్నా ఎక్కువ గాని చదివినవాళ్లు. అదే సభలో 251 మంది, అంటే వందకు 46 మంది, తమ మీద క్రిమినల్ కేసులు ఉన్నాయని తామే రాసిచ్చారు. చదువు ఒక్కటే మంచి చెడు నేర్పేదైతే ఈ రెండు లెక్కలు ఒకే సభలో ఎలా ఉంటాయి?

అయితే కేసు ఉందంటే తప్పు చేసినట్టేనా? ఇక్కడ కూడా తొందరపడకూడదు. కేసు అంటే ఆరోపణ. రుజువు కావలసి ఉంటుంది. ధర్నా చేసినందుకు కూడా కేసు పెడతారు. కామరాజు గారు, రాజాజీ గారు ఇప్పుడు నామినేషన్ వేస్తే "జైలు శిక్ష" అన్న చోట పొడుగ్గా రాయవలసి వచ్చేది. అందుకే చట్టం తేడా చూపించింది. కేసు ఉంటే పోటీ చేయవచ్చు, కానీ దాచకూడదు. కొన్ని నేరాలకు శిక్ష పడితే చాలు, మిగతా వాటిలో రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే పోటీకి అనర్హులు. ముందు పదవిలో ఉన్నవాళ్లు అప్పీలు వేసుకుని పదవిలో కొనసాగే వీలు ఉండేది. 2013 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

దాచకూడదు అన్న నియమం కూడా ఊరికే రాలేదు. 1999లో అహమదాబాదులో కొందరు ప్రొఫెసర్లు కలిసి, అభ్యర్థుల గురించి తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని కోర్టుకు పోయారు. 2002 మే 2న సుప్రీంకోర్టు వాళ్ల మాట నిజమే అంది. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, ఇవన్నీ అభ్యర్థి ప్రమాణం చేసి రాయాలంది. దాన్ని తగ్గించడానికి చట్టం తెస్తే, 2003 మార్చిలో కోర్టు మళ్లీ ఓటరు పక్షానే నిలబడింది. ఇప్పుడు ఎంపీకి, ఎమ్మెల్యేకి నిలబడేవాళ్లు ఫారం 26లో అన్నీ రాసివ్వాలి. తెలిసి అబద్ధం రాస్తే, దాస్తే ఆరు నెలల దాకా జైలు శిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఆ కాగితాలు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తాయి.

ఇది చదివినప్పుడు నాకు ఒక సంగతి అర్థమయింది. మనం "అర్హత" అని ఒకే మాట వాడుతున్నాం గాని అందులో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, పోటీకి నిలబడనివ్వడం. అది అర్హత, దాన్ని చట్టం చెప్తుంది. రెండోది, ఆ పనికి తగిన మనిషా కాదా అన్నది. అది యోగ్యత, దాన్ని ఓటరు చెప్పాలి. చదువును అర్హతగా పెడితే ఓటరు చేయవలసిన పనిని చట్టం లాక్కున్నట్టు. మూడో తరగతి చదివిన మనిషి కావాలా వద్దా అని మా వీధివాళ్లే తేల్చుకున్నారు. ఆమె చదువు ఎంతో వాళ్లకు తెలుసు. తెలిసే వేశారు. పైపు విషయంలో నష్టపోయినప్పుడు కూడా తామే వేసిన ఓటు కాబట్టి వచ్చి ఆమెనే నిలదీశారు. అది కూడా వాళ్ల హక్కే.

కానీ ఈ పద్ధతి నడవాలంటే ఒక షరతు ఉంది. అభ్యర్థి నిజం రాయాలి. ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఈ ఏడాది జూన్‌లో మా బడిలో విద్యార్థి నాయకుడి ఎన్నిక జరిగింది. నేను కూడా నిలబడ్డాను. మా సోషల్ సారు, "దేశంలో ఎట్లా ఉందో మన బడిలో కూడా అట్లే ఉండాలి" అని ప్రతి అభ్యర్థికి ఒక కాగితం ఇచ్చారు. మార్కులు, హాజరు, ఇంతకుముందు చేసిన బాధ్యతలు రాయాలి. చివరి ప్రశ్న, "మీ మీద ఎప్పుడైనా చర్య తీసుకున్నారా? ఎందుకు?" అని. నింపిన కాగితాలన్నీ నోటీసు బోర్డులో అంటిస్తారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల్లో నాకు 31 మార్కులు వచ్చాయి. ప్రోగ్రెస్ రిపోర్టులో 3ను 8గా దిద్ది మా నాయనతో సంతకం పెట్టించుకున్నాను. తల్లిదండ్రుల సమావేశంలో బయటపడింది. మా నాయన తల వంచుకుని నిలబడడం నేను చూశాను. నాతో క్షమాపణ పత్రం రాయించారు. ఈ సంగతి టీచర్లకు, మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

చివరి ప్రశ్న ఖాళీగా వదిలి కాగితం ఇచ్చేశాను. లేదు అని రాస్తే అబద్ధం, ఖాళీగా వదిలితే అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సారు కాగితం చూసి వెనక్కి ఇచ్చారు. "ఖాళీ వదలకూడదమ్మా. లేకపోతే లేదు అని రాయి, ఉంటే ఉంది అని రాయి. 2013లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. గుర్తు చేసినా ఖాళీలు నింపకపోతే ఆ నామినేషన్ తోసేయొచ్చని" అన్నారు. ఆయనకు నా సంగతి తెలుసో లేదో నాకు తెలియదు.

కాగితం పట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నా ర్యాంకు మూడు. వక్తృత్వంలో మొదటి బహుమతి. చదువు గురించి అంత గట్టిగా మాట్లాడినదాన్ని. కానీ 3ను 8 చేసినది నేను. మా అవ్వ కాగితంలో కూడా 3 ఉంది. దాన్ని 8 చేస్తానంటే వద్దన్నది ఆమె. అంకెలు దిద్దేటంత చదువు నాకు ఉంది, దిద్దకుండా ఉండేటంత బుద్ధి ఆమెకు ఉంది. ఇద్దరిలో ఎవరికి యోగ్యత ఉందని నేను పోటీలో చెప్పాను?

"అవును. ఎనిమిదో తరగతిలో ప్రోగ్రెస్ రిపోర్టులో మార్కులు దిద్దాను. క్షమాపణ రాశాను" అని రాసి ఇచ్చాను.

రెండు రోజులు కష్టంగా గడిచినాయి. ఆరో తరగతి అబ్బాయి ఒకడు, "అక్కా, నువ్వు మార్కులు దిద్దినావంట కదా?" అని అందరి ముందర అడిగాడు. అవునన్నాను. నేను ఓడిపోయాను. గెలిచిన అబ్బాయి మంచివాడే, బాగానే చేస్తున్నాడు. నా కాగితం వల్లే ఓడిపోయానో, అతని మంచితనం వల్లో చెప్పలేను. నాకు 64 ఓట్లు వచ్చాయి. ఆ 64 మందీ ఆ కాగితం బోర్డులో ఉండగానే వేశారు. ఎనభై అయినా వంద అయినా, దాచిపెట్టి తెచ్చుకున్న ఓట్లయితే నేను వాటిని తలుచుకుని ఇంత సంతోషపడేదాన్ని కాదు.

గతంలో తప్పు చేసినవాళ్లు ఎప్పటికీ నాయకులు కాకూడదా? కావచ్చు అనే నేను అనుకుంటాను, నా కోసమైనా. కానీ క్షమించాలో వద్దో తేల్చేది అవతలివాళ్లు. వాళ్లకు తెలియకుండా దాచిపెట్టి, నన్ను నేనే క్షమించేసుకుంటే ఎలా? నిజం రాయడం అంటే ఆ నిర్ణయాన్ని వాళ్ల చేతిలో పెట్టడం.

చివరిగా పెద్దలకు ఒక మాట, చిన్నదాన్ని చెప్తున్నానని అనుకోకండి. అభ్యర్థులు రాస్తున్నారు, కోర్టులు రాయిస్తున్నాయి, కాగితాలు అందరికీ కనిపించే చోట పెడుతున్నారు. కానీ మన ఇళ్లలో ఎంతమంది వాటిని చదువుతున్నారు? మా ఇంట్లో చదవలేదు. మా నాయన కులం పేరు, పార్టీ పేరు, తెలిసినవాళ్ల మాట విని ఓటు వేస్తాడు. నాకు ఓటు రావడానికి ఇంకా మూడేళ్లు ఉంది. కానీ చదివి వినిపించడానికి వయసు అడ్డం కాదు. మనలాంటి ఇళ్లలో తమిళం గాని, ఇంగ్లీషు గాని చదవగలిగేది చాలాసార్లు పిల్లలమే. ఈసారి ఎన్నికలు వచ్చినప్పుడు మన ఇంటి పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఆ కాగితాలు తెలుగులో చదివి వినిపిస్తే, ఓటు లేని మనం కూడా మన పని చేసినవాళ్లమవుతాము.

2025 జనవరిలో మా అవ్వ పదవీకాలం అయిపోయింది. మళ్లీ నిలబడతావా అని అడిగాను. "చూద్దాం. ఈసారి కాగితం నువ్వే నింపు" అంది. చదువు అన్న చోట ఏం రాయాలి అని అడిగాను, ఊరికే.

"మూడు" అంది. "దిద్దొద్దు."

(పదో తరగతి విద్యార్థిని)